వెంబన్యామా మరో కరీమా, మరో హకీమా? ముందు శాంప్సన్ లెక్క చూడాలి

క్రికెట్‌లో ఓ కుర్రాడు నాలుగు మ్యాచ్‌లు బాగా ఆడితే చాలు, మనం 'తర్వాతి సచిన్' అనేస్తాం. అమెరికా బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే అలవాటు ఉంది. అక్కడ 'తర్వాతి జోర్డాన్' కోసం మూడు దశాబ్దాలుగా వెతుకుతూనే ఉన్నారు. 1992లో మయామి జట్టు తీసుకున్న హెరాల్డ్ మైనర్‌కు ఏకంగా 'బేబీ జోర్డాన్' అని పేరు పెట్టారు. అతను డంక్ పోటీని రెండుసార్లు గెలిచాడు కూడా. కానీ నాలుగు సీజన్లకే ఎన్‌బీఏలో అతని ఆట ముగిసింది.

ఇప్పుడు ఆ పోలికలన్నీ ఒక ఫ్రాన్స్ కుర్రాడి చుట్టూ తిరుగుతున్నాయి. పేరు విక్టర్ వెంబన్యామా. ఆడేది టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టుకు. అతన్ని పోలుస్తున్నది మామూలు ఆటగాళ్లతో కాదు, కరీం అబ్దుల్ జబ్బార్‌తో, హకీమ్ ఒలాజువాన్‌తో. బాస్కెట్‌బాల్ పెద్దగా చూడనివాళ్లు కూడా మనలో చాలామంది విన్న పేర్లివి.

మరి ఈ పోలికలో నిజమెంత? కుర్రాడి ఆటను పాత దిగ్గజాల ఆటతో ఎలా కొలవాలి? అంకెలతోనే చూద్దాం.

అసలు ఎవరీ కుర్రాడు?

వెంబన్యామా 2004 జనవరి 4న పారిస్ దగ్గర్లోని లె షెనే అనే ఊళ్లో పుట్టాడు. తల్లి బాస్కెట్‌బాల్ ఆడేవారు, కోచింగ్ కూడా ఇచ్చేవారు. కాంగో మూలాలున్న తండ్రి ట్రిపుల్ జంప్ అథ్లెట్. కొడుకు ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. రెండు చేతులూ చాపితే ఈ కొసనుంచి ఆ కొసకు 8 అడుగులు ఉంటుంది.

అంత పొడుగు మనుషులు ఎన్‌బీఏకు కొత్త కాదు. కాకపోతే వాళ్లు సాధారణంగా బుట్ట కిందే నిలబడి ఆడతారు. వెంబన్యామా మాత్రం పొట్టి ఆటగాళ్లలా బంతిని తట్టుకుంటూ పరిగెత్తుతాడు, మూడు పాయింట్ల గీత బయటి నుంచి గురి చూసి వేస్తాడు, మళ్లీ వెనక్కి వచ్చి అవతలివాడి షాట్‌ను గాల్లోనే ఆపేస్తాడు. అతను ఎన్‌బీఏలోకి రాకముందే, 2022లో, లెబ్రాన్ జేమ్స్ ఈ కుర్రాణ్ని గ్రహాంతరవాసితో పోల్చాడు.

2023 జూన్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో స్పర్స్ అతన్ని మొట్టమొదటి ఆటగాడిగా తీసుకుంది. ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతుల వారీగా ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. మొదటి సీజన్‌లోనే ఓటు వేసిన ప్రతి ఒక్కరూ అతన్నే ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎన్నుకున్నారు. మ్యాచ్‌కు సగటున 3.6 బ్లాక్‌లతో లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. డిఫెన్స్‌లో లీగ్‌లోని అత్యుత్తమ ఐదుగురి జాబితాలోకి తొలి ఏడాదే చేరిన మొట్టమొదటి ఆటగాడు అతనే. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికాపై 26 పాయింట్లు కొట్టాడు. ఫ్రాన్స్ 98-87తో ఓడి వెండి పతకం అందుకుంది.

అంటే ఈ హైప్ గాలి నుంచి పుట్టింది కాదు. అయితే హైప్ వేరు, పోలిక వేరు.

నలుగురి మొదటి ఏడాది

పోలిక సరిగ్గా ఉండాలంటే ఒకరి ఆరంభాన్ని ఇంకొకరి ఆరంభంతోనే చూడాలి. వెంబన్యామా మొదటి ఏడాదిని హకీమ్ పదో ఏడాదితో పోలిస్తే అది పోలికే కాదు. అందుకే నలుగురి తొలి సీజన్ సగటులు తీసుకుందాం. నాలుగో పేరు రాల్ఫ్ శాంప్సన్. ఈయన గురించి మన దగ్గర తెలిసింది తక్కువ. కానీ ఈ లెక్కలో అందరికంటే ముఖ్యమైన మనిషి ఈయనే. నలుగురూ తమ తమ డ్రాఫ్ట్‌లో మొదటి నంబరుగా వచ్చినవాళ్లే.

- కరీం (1969-70): 28.8 పాయింట్లు, 14.5 రీబౌండ్లు
- శాంప్సన్ (1983-84): 21.0 పాయింట్లు, 11.1 రీబౌండ్లు
- హకీమ్ (1984-85): 20.6 పాయింట్లు, 11.9 రీబౌండ్లు
- వెంబన్యామా (2023-24): 21.4 పాయింట్లు, 10.6 రీబౌండ్లు

రీబౌండ్ అంటే షాట్ తప్పి వెనక్కి వచ్చిన బంతిని పట్టుకోవడం. పై అంకెలు చూస్తే కరీం ఒక్కరే చాలా ఎత్తులో ఉన్నారు, మిగతా ముగ్గురూ దాదాపు ఒకే చోట ఉన్నారు. ఇక్కడితో ఆపేస్తే 'వెంబన్యామా కరీం అంతటివాడు కాదు' అని తేల్చేయొచ్చు. కానీ ఈ అంకెల వెనుక మూడు తేడాలు దాగి ఉన్నాయి.

మొదటి తేడా: ఎన్ని నిమిషాలు ఆడారు?

ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు. కరీం తన మొదటి ఏడాది సగటున 43 నిమిషాలు కోర్టులోనే ఉన్నారు. హకీమ్ 35న్నర నిమిషాలు, శాంప్సన్ దాదాపు 33 నిమిషాలు ఆడారు. వెంబన్యామాను మాత్రం జట్టు జాగ్రత్తగా వాడింది. అతను సగటున ఆడింది 30 నిమిషాల లోపే.

పది గంటలు తెరిచిన దుకాణం అమ్మకాన్ని, ఏడు గంటలు తెరిచిన దుకాణం అమ్మకంతో నేరుగా పోల్చలేం కదా. గంటకు ఎంత అని చూడాలి. బాస్కెట్‌బాల్‌లో దీనికి 36 నిమిషాల లెక్క వాడతారు. ఆ ప్రకారం వేస్తే కరీంకు 24, శాంప్సన్‌కు 23, హకీమ్‌కు 21 పాయింట్లు వస్తాయి. వెంబన్యామాకు దాదాపు 26 వస్తాయి. క్రమం తలకిందులైంది!

అలాగని పండగ చేసుకోవద్దు. 30 నిమిషాలు తాజాగా ఆడటం వేరు, 43 నిమిషాలు అదే జోరుతో ఆడటం వేరు. 36 నిమిషాల లెక్క అలసటను పట్టించుకోదు.

రెండో తేడా: వయసు

కరీం ఎన్‌బీఏలో అడుగుపెట్టేసరికి ఆయన వయసు 22. అప్పటికే యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో జాన్ వుడెన్ అనే గొప్ప కోచ్ దగ్గర నేర్చుకుని, వరుసగా మూడు జాతీయ టైటిళ్లు గెలిచి వచ్చారు. శాంప్సన్‌కు 23, హకీమ్‌కు 21. వెంబన్యామాకు 19.

ఈ వయసులో రెండు మూడేళ్లంటే చిన్న తేడా కాదు. ఒళ్లు గట్టిపడేది, ఆట మీద అవగాహన పెరిగేది అప్పుడే. వెంబన్యామా 15 ఏళ్లకే ఫ్రాన్స్‌లో ప్రొఫెషనల్ మ్యాచ్ ఆడాడు కాబట్టి అనుభవం లేదని చెప్పలేం. కానీ 19 ఏళ్ల కుర్రాడు 22, 23 ఏళ్లవాళ్ల ఆరంభంతో సమానంగా ఆడాడంటే, వయసు విషయంలో మొగ్గు అతని వైపే.

మూడో తేడా: ఆటే మారిపోయింది

మూడు పాయింట్ల గీత ఎన్‌బీఏలోకి వచ్చింది 1979-80 సీజన్‌లో. కరీం అప్పటికే పదేళ్లు ఆడేశారు. ఇరవై ఏళ్ల కెరీర్‌లో లీగ్ మ్యాచ్‌ల్లో ఆయన వేసిన మూడు పాయింట్ల షాట్ ఒకే ఒక్కటి. వెంబన్యామా రెండో సీజన్‌లో మ్యాచ్‌కు సగటున మూడు వేశాడు.

బ్లాక్‌ల సంగతీ అంతే. ఎన్‌బీఏ వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టిందే 1973-74 నుంచి. కరీం మొదటి నాలుగేళ్లలో ఎన్ని ఆపారో రికార్డులోనే లేదు. అప్పట్లో ఆట వేగం ఎక్కువ, షాట్లూ ఎక్కువ, తప్పిపోయేవీ ఎక్కువ. అందుకే రీబౌండ్లు కూడా ఎక్కువ దొరికేవి.

ఇంకో కోణం గురి. మొదటి ఏడాది కరీం, శాంప్సన్ వందకు 52 షాట్లు వేస్తే, హకీమ్ 54 వేశారు. వెంబన్యామా 46 లేదా 47 దగ్గర ఆగాడు. దూరం నుంచి వేసేవాళ్లకు గురి శాతం తగ్గడం మామూలే. కానీ బుట్ట దగ్గరికి చేరి తేలిగ్గా పాయింట్లు తెచ్చే కళలో ఆ ముగ్గురూ తొలి ఏడాది అతనికంటే ముందున్నారు. ఇది ఒప్పుకోవాల్సిన మాట.

జట్టును మార్చగలిగాడా?

దిగ్గజాల గురించి మాట్లాడేటప్పుడు సొంత అంకెల కంటే బరువైన ప్రశ్న ఇది. కరీం రాకముందు మిల్వాకీ బక్స్ గెలిచింది 27 మ్యాచ్‌లు. ఆయన వచ్చిన ఏడాది 56 గెలిచింది. రెండో ఏడాది, 1971లో, ఛాంపియన్ అయింది. శాంప్సన్ రాకముందు హ్యూస్టన్ రాకెట్స్ 14 మ్యాచ్‌లే గెలిచింది. ఆయనతో 29, మరుసటి ఏడాది హకీమ్ కూడా చేరాక 48.

స్పర్స్ వెంబన్యామా రాకముందు 22 గెలిచింది. వచ్చాక కూడా సరిగ్గా 22! రెండో ఏడాది 34కు చేరింది. ఆ రెండేళ్లలో ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు.

దీనికి కారణాలు లేకపోలేదు. స్పర్స్ అప్పుడు దాదాపు అందరూ కుర్రాళ్లే ఉన్న జట్టు. కరీం పక్కన రెండో ఏడాది ఆస్కార్ రాబర్ట్‌సన్ లాంటి మేటి ఆటగాడు చేరారు. అయినా తొలి రెండేళ్ల వరకు చూస్తే, ఈ పరీక్షలో కరీం, హకీమ్ ఇద్దరూ వెంబన్యామా కంటే చాలా ముందున్నారు.

శాంప్సన్ అనే హెచ్చరిక

ఇప్పుడు నాలుగో మనిషి దగ్గరికి వద్దాం. రాల్ఫ్ శాంప్సన్ ఎత్తు కూడా 7 అడుగుల 4 అంగుళాలే. ఆయన కూడా తన ఎత్తుకు సంబంధం లేనంత చురుగ్గా పరిగెత్తేవారు, దూరం నుంచి షాట్ వేసేవారు. వర్జీనియా యూనివర్సిటీలో ఉండగా వరుసగా మూడేళ్లు దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడు. 1984లో ఉత్తమ కొత్త ఆటగాడు. 1985 ఆల్-స్టార్ మ్యాచ్‌లో ఆయనే ఎంవీపీ. 1986లో లేకర్స్‌పై చివరి క్షణంలో వేసిన షాట్‌తో హ్యూస్టన్‌ను ఫైనల్‌కు చేర్చారు. ఆ లేకర్స్ జట్టులో ఉన్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ కరీం.

మొదటి రెండు సీజన్లలో శాంప్సన్ ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు. 164కు 164 ఆడారు. ఆ రోజు ఎవరైనా అంచనా వేసి ఉంటే, 'ఈయన చరిత్ర సృష్టిస్తాడు' అనే చెప్పి ఉండేవారు.

ఆ తర్వాత మోకాళ్లు, నడుము దెబ్బతిన్నాయి. 1987 డిసెంబర్‌లో హ్యూస్టన్ ఆయన్ను వేరే జట్టుకు పంపేసింది. 1991-92 తర్వాత ఎన్‌బీఏలో ఆడలేదు. మొత్తం కెరీర్ 456 మ్యాచ్‌లు. 2012లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది కానీ, కరీం, హకీమ్‌ల పక్కన ఆయన పేరు ఎవరూ చెప్పరు.

ఆయన ఒక్కరే కాదు. చైనాకు చెందిన 7 అడుగుల 6 అంగుళాల యావో మింగ్ పాదాల గాయాలతో 486 మ్యాచ్‌ల తర్వాత, 30 ఏళ్లకే తప్పుకున్నారు. 2007లో కెవిన్ డ్యురాంట్ కంటే ముందు ఎంపికైన గ్రెగ్ ఓడెన్ మోకాళ్ల వల్ల 105 మ్యాచ్‌లకే పరిమితమయ్యాడు. మామూలు మనిషికంటే అడుగున్నర ఎక్కువ ఎత్తున్న ఒళ్లు ప్రతిసారీ ఎగిరి దిగుతుంటే, ఆ భారమంతా మోకాళ్లు, పాదాలే మోయాలి.

వెంబన్యామాకు మరో రకం కష్టం వచ్చింది. 2025 ఫిబ్రవరిలో, ఆల్-స్టార్ మ్యాచ్ ఆడి వచ్చిన కొద్దిరోజులకే, కుడి భుజం దగ్గర రక్తనాళంలో గడ్డ ఉన్నట్టు తేలింది. సీజన్ అక్కడితో అయిపోయింది. ఇలాంటి గడ్డల కారణంగానే క్రిస్ బాష్ అనే స్టార్ 2016లో ఆట ఆపేయాల్సి వచ్చింది. వెంబన్యామాకు అదే ఏడాది జులైలో ఆడొచ్చని అనుమతి దొరికింది. అక్టోబర్‌లో మూడో సీజన్ మొదటి మ్యాచ్‌లోనే డల్లాస్‌పై 40 పాయింట్లు, 15 రీబౌండ్లు తీశాడు. అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు.

హకీమ్ చెప్పే పాఠం: గొప్పతనం ఆలస్యంగా వస్తుంది

హకీమ్ నైజీరియాలోని లాగోస్‌లో పుట్టారు. చిన్నప్పుడు ఆడింది ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్. బాస్కెట్‌బాల్ పట్టుకున్నది 15 ఏళ్ల వయసులో. 1984 డ్రాఫ్ట్‌లో మైకేల్ జోర్డాన్ కంటే ముందు, మొదటి నంబరుగా ఎంపికయ్యారు. ఫుట్‌బాల్ నేర్పిన కాళ్ల కదలికల నుంచే ఆయన ప్రసిద్ధ 'డ్రీమ్ షేక్' పుట్టింది. ఒకవైపు వెళ్తున్నట్టు భుజం కదిపి, అవతలివాడు అటు ఒరగగానే రెండోవైపు తిరిగి షాట్ వేయడం.

అయినా ఆయన తొలి ఛాంపియన్‌షిప్ ఎప్పుడు గెలిచారు? పదో సీజన్‌లో, 31 ఏళ్ల వయసులో. 1993-94లో లీగ్ ఎంవీపీ, ఉత్తమ డిఫెండర్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ ఆయనకే వచ్చాయి. ఒకే సీజన్‌లో ఈ మూడూ గెలిచిన ఆటగాడు ఇప్పటికీ ఆయన ఒక్కరే. 1995లో మళ్లీ గెలిచారు. అదే ఏడాది ఫిబ్రవరిలో రంజాన్ వచ్చింది. మ్యాచ్ ఉన్న రోజు కూడా రోజా విడవలేదు. చుక్క నీళ్లు తాగకుండా పగలంతా గడిపి కోర్టులోకి దిగారు. ఆ నెల 'ప్లేయర్ ఆఫ్ ది మంత్' ఆయనే.

అంటే హకీమ్ కెరీర్‌ను మూడో ఏడాదిలోనే తూకం వేసి ఉంటే, తూకం తప్పేది. 2025 వేసవిలో వెంబన్యామా హ్యూస్టన్ వెళ్లి ఆయన దగ్గరే కాళ్ల కదలికలు నేర్చుకున్నాడు. 'మరో హకీమ్' అనే బిరుదు కంటే హకీమ్ దగ్గర శిష్యరికం ఎక్కువ పనికొస్తుంది.

కరీం చెప్పే పాఠం: ఒంటిని కాపాడుకోవడం కూడా ఆటే

న్యూయార్క్‌లో లూ ఆల్సిండర్‌గా పుట్టిన కరీం 1968లో ఇస్లాం స్వీకరించారు. 1971లో ఛాంపియన్ అయిన వెంటనే కొత్త పేరును బయటికి ప్రకటించారు. ఆరుసార్లు ఎంవీపీ, ఆరు టైటిళ్లు, 38,387 పాయింట్లు. ఆ పాయింట్ల రికార్డు 2023 ఫిబ్రవరి దాకా, అంటే లెబ్రాన్ దాటేదాకా, నిలిచింది.

ఈ అంకెలకు మూలం ఇంకో అంకెలో ఉంది: 1,560 మ్యాచ్‌లు. 20 సీజన్లు ఆడి, 42 ఏళ్లకు రిటైర్ అయ్యారు. దీనికి ఆయన చెప్పే కారణాల్లో యోగా ఒకటి. కాలేజీ రోజుల్లో బ్రూస్ లీ దగ్గర యుద్ధ విద్యలు నేర్చుకున్నారు. ఆయన ఆయుధం 'స్కైహుక్' కూడా ఒంటిని కాపాడే షాటే. పక్కకు తిరిగి, ఒంటి చేత్తో తలపై నుంచి వంపుగా వేసే ఈ షాట్‌కు అవతలివాణ్ని ఢీకొట్టాల్సిన పని లేదు. నలభై దాటినా పనిచేసింది.

2025లో వెంబన్యామా చైనా వెళ్లి షావోలిన్ ఆలయంలో కొన్ని రోజులు శిక్షణ తీసుకున్నాడు. చాలామంది ఫొటోలు చూసి నవ్వుకున్నారు. కరీం కథ తెలిసినవాళ్లకు అది వింతగా అనిపించదు.

ఒక చిన్న లెక్క

బ్లాక్‌ల ఆల్‌టైమ్ రికార్డు హకీమ్‌ది: 3,830. అందుకు ఆయన ఆడిన మ్యాచ్‌లు 1,238. అంటే మ్యాచ్‌కు 3.1. వెంబన్యామా మొదటి రెండేళ్ల సగటు సుమారు 3.7. మరి రికార్డు అతనిదే అనుకోవచ్చా?

3,830ని 3.7తో భాగిస్తే దాదాపు 1,035 మ్యాచ్‌లు కావాలి. మొదటి ఏడాదిలా సీజన్‌కు 70 చొప్పున ఆడితే సుమారు 15 ఏళ్లు. రెండో ఏడాదిలా 46 చొప్పున ఆడితే 22 ఏళ్లు దాటుతుంది. ప్రతిభ రెండు లెక్కల్లోనూ ఒకటే. మారింది హాజరు మాత్రమే. శాంప్సన్ లాగా 456 మ్యాచ్‌ల దగ్గర ఆగిపోతే సగం దూరం కూడా చేరడు.

క్రికెట్‌లో మనకిది కొత్త కాదు. 1984-85లో మన హైదరాబాదీ అజహరుద్దీన్ మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టాడు. చివరికి 99 టెస్టులు, 22 సెంచరీలు. వినోద్ కాంబ్లీ టెస్టు సగటు 54, ఎవరికైనా గర్వకారణమే. కానీ ఆడింది 17 టెస్టులు. ఆరంభం ఇద్దరిదీ అదిరింది, పొడవు ఒక్కరిదే నిలిచింది.

మరి ఏమని చెప్పాలి?

పొటెన్షియల్ అనేది షేర్ ధర లాంటిది. రేపు వస్తుందనుకునే లాభానికి ఈరోజు కట్టే వెల. కరీం, హకీమ్‌ల కెరీర్లు లెక్క తేలి మూసేసిన ఖాతాలు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి 'ఎవరు గొప్ప' అని అడగడమే తప్పు ప్రశ్న. 'అదే దశలో వాళ్లు ఎక్కడున్నారు, ఇతను ఎక్కడున్నాడు' అనేదే సరైన ప్రశ్న.

ఆ ప్రశ్నకు మొదటి రెండేళ్లు చెప్పే జవాబు ఇది. నైపుణ్యంలో, వయసుతో పోల్చిన ఆటలో వెంబన్యామా ఎవరికీ తీసిపోడు. షాట్లను ఆపడంలో ముందే ఉన్నాడు. జట్టును గెలిపించడంలో, గురిలో, అన్నిటికంటే మ్యాచ్‌లకు అందుబాటులో ఉండటంలో వెనుక ఉన్నాడు. కరీం 164కు 164 ఆడితే, ఇతను ఆడింది 117.

కాబట్టి ఇకపై అతని గురించి వార్త చదివినప్పుడు 40 పాయింట్ల హెడ్‌లైన్ దగ్గరే ఆగకండి. సీజన్‌కు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, బుట్ట దగ్గర గురి పెరిగిందా, ప్లేఆఫ్స్‌లో జట్టును ఎంతదూరం తీసుకెళ్లాడు, ఈ మూడూ చూడండి. ఈ మూడూ ఏటికేడు పెరుగుతుంటే కరీం, హకీమ్‌ల పక్కన అతని పేరు దానంతటదే వచ్చి చేరుతుంది. పెరగకపోతే, ఎంత ఎత్తున్నా అతనిది శాంప్సన్ కథే అవుతుంది.